కోడి ఈక, ఉన్ని పోగు, ఒక గాలం: అండమాన్ బడులకు కావలసిన సైన్స్ పాఠం

ద్వీపంలో పెరిగే పిల్లలకు గాలం వేయడం ఎవరూ పనిగట్టుకుని నేర్పనక్కర్లేదు. జెట్టీ అంచున కూర్చుని, రొయ్య ముక్కో చేప ముక్కో గుచ్చి, తంగూసును నీళ్లలోకి వదలడం పెద్దవాళ్లను చూసే నేర్చుకుంటారు. మనం నేర్పగలిగీ నేర్పనిది ఒకటుంది. ఒక కోడి ఈక, కాస్త ఉన్ని, కుట్టు దారం తీసుకుని సొంతంగా ఎర కట్టుకోవడం. నీటి పురుగులా, చిన్న రొయ్యలా కనిపించే ఈ కృత్రిమ ఎరను విదేశాల్లో ‘ఫ్లై’ అంటారు. మనం ‘ఈక ఎర’ అందాం.

అండమాన్ నికోబార్ దీవుల తీర గ్రామాల బడుల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు ఈ ఎర కట్టడాన్ని సైన్స్ ప్రయోగంగా నేర్పాలన్నది నా వాదన. ఎర కట్టాలంటే చేపకు ఏం కనిపిస్తుందో, ఏం తెలుస్తుందో, నోరు ఎలా తెరుస్తుందో ముందుగా ఆలోచించాలి. చేప వైపు నుంచి నీటిని చూడటం అలవాటైన పిల్లవాడు రేపు ఆ నీటిని కాపాడే మనిషి అవుతాడని నా నమ్మకం.

ఈ దీవులే ఎందుకు?

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మన భాషదే. పోర్ట్ బ్లెయిర్‌గా మనకు తెలిసిన శ్రీ విజయపురంలో, ముఖ్యంగా జంగ్లీఘాట్ ప్రాంతంలో, ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. వల, గాలం, ఆటుపోట్లు, చంద్రుడి తిథులు వాళ్ల ఇళ్లలో తరతరాల చదువు. ఆ చదువుకూ బడి పుస్తకంలోని సైన్స్‌కూ మధ్య మాత్రం రాకపోకలు తక్కువ.

రెండో కారణం సముద్రమే. 2004 సునామీ ఇక్కడి తీరాన్ని దెబ్బతీసింది. 2010 వేసవిలో సముద్రపు నీరు వేడెక్కి అండమాన్ పగడపు దిబ్బలు పెద్ద ఎత్తున తెల్లబారాయి. 2016లోనూ ఆ గండం వచ్చింది. పగడాలు కోలుకోవాలంటే వాటి చుట్టూ బతికే చేపల సమతూకం నిలవాలి. దిబ్బల మీద తిరిగే పార, స్నాపర్ జాతుల్లో చాలావాటి పిల్లలు మడ అడవుల నీడలో, జెట్టీల కింద, లోతు తక్కువ నీళ్లలో పెరుగుతాయి. పిల్లల గాలానికి తగిలేవి సరిగ్గా ఈ చిన్న చేపలే.

అమెరికాలో ఈక ఎరతో పట్టే బ్లూగిల్ లాంటి చిన్న చేపలను ‘పాన్‌ఫిష్’ అంటారు. పెనంలో పట్టేంత చేప అని అర్థం. అక్కడి చెరువుల్లో ఆ చేపలు అంతకు మించి పెద్దగా ఎదగవు. అండమాన్ జెట్టీ దగ్గర అరచేతిలో ఇమిడే చేప చాలాసార్లు పెద్ద చేప పిల్ల. జెయింట్ ట్రెవల్లీ అనే పెద్ద పార చేపనే తీసుకోండి. హవాయి దీవుల్లో జరిగిన అధ్యయనం ప్రకారం అది గుడ్లు పెట్టే వయసుకు వచ్చేసరికి సుమారు 60 సెంటీమీటర్ల పొడవుంటుంది. అరచేతిలో ఇమిడే పార పెనంలోకి వెళ్లిందంటే ఒక్కసారి కూడా గుడ్లు పెట్టకుండానే వెళ్లినట్టు. కాబట్టి చిన్న చేపను పట్టడం కన్నా, పట్టాక ప్రాణంతో వదలగలగడం ఇక్కడ ముఖ్యమైన నైపుణ్యం. ఈక ఎర అందుకు అనువైన సాధనం.

ఎర కట్టే పద్ధతి

ఇది కొత్త విద్య కాదు. క్రీస్తు శకం 200 ప్రాంతంలో రోమన్ రచయిత ఏలియన్ మాసిడోనియాలోని ఒక నది గురించి రాస్తూ, అక్కడివాళ్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ దగ్గరి ఈకలు రెండు కట్టి చేపలు పడతారని చెప్పాడు. పద్దెనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా కావలసిన సరుకు దాదాపు అదే.

సెంటీమీటరు, సెంటీమీటరున్నర కాడ ఉన్న మామూలు ఉక్కు గాలం తీసుకోండి. కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును పట్టుకారుతో నొక్కి చదును చేయండి. ఈ పని మొదటే చేయాలి. నొక్కేటప్పుడు గాలం విరిగితే అంతవరకు చేసిన పని వృథా కాదు. తర్వాత గాలం వంపును పట్టుకారు దవడల మధ్య ఉంచి, పిడులకు రబ్బరు బ్యాండు గట్టిగా చుట్టండి. ఖరీదైన బిగింపు పరికరం అక్కర్లేదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి.

గాలం కన్ను వెనక నుంచి కుట్టు దారాన్ని కాడ మీద చుట్టుకుంటూ వంపు దాకా వెళ్లండి. మొదటి నాలుగైదు చుట్లు దారం కొస మీదుగానే పడితే ముడి వేయకుండానే దారం బిగుస్తుంది. వంపు దగ్గర ఉన్ని పోగు చివరను కట్టి, దారాన్ని మళ్లీ కన్ను వైపు తీసుకురండి. ఉన్నిని కూడా అదే వైపు ఒత్తుగా చుట్టండి. కన్నుకు రెండు మూడు మిల్లీమీటర్లు ముందే ఆపి, దారంతో బిగించి, మిగిలిన ఉన్ని కత్తిరించండి. ఆ ఖాళీ చోటు ఈక కోసం, ముడి కోసం. కొత్తగా కట్టేవాళ్లు దాన్ని నింపేస్తే ఆఖరి ముడి కన్నులోకి జారి తంగూసు దూరదు.

ఇప్పుడు కోడిపెట్ట మెడ ఈక ఒకటి తీసుకోండి. మొదట్లో ఉండే దూదిలాంటి నూగు తీసేయండి. ఈక కొసను కన్ను వెనక కట్టి, కాడ చుట్టూ రెండే రెండు చుట్లు తిప్పండి. పీచులు వెనక్కి వాలేలా వేళ్లతో నిమురుతూ దారంతో బిగించండి. మూడు నాలుగు ముడులు వేసి, ముడి మీద గోళ్ల రంగు చుక్క ఒకటి పెట్టి ఆరనివ్వండి. ఎర తయారు. చుట్లు ఎక్కువైతే అది నీళ్లలో గొడుగులా బిగుసుకుంటుంది. రెండు చుట్లయితే ప్రతి కదలికకూ పీచులు ముడుచుకుని విచ్చుకుంటూ బతికున్న పురుగు కాళ్లలా కనిపిస్తాయి.

పెట్ట ఈకే ఎందుకు, పుంజు ఈక పనికిరాదా? ఇక్కడే పాఠం మొదలవుతుంది. ఈక నడిమి కాడ నుంచి పీచులు, ఆ పీచుల నుంచి మరింత సన్నని ఉపపీచులు వస్తాయి. ఉపపీచులకు చిన్న కొక్కేలుండి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పుంజు మెడ ఈకలో ఉపపీచులు తక్కువ, పీచులు బిరుసు. అందుకే నీటి పైపొర తలతన్యత మీద నిలబడి తేలుతుంది. పెట్ట ఈక మెత్తన, ఉపపీచులు ఎక్కువ. అది నీరు పీల్చుకుని మునుగుతుంది. తేలే ఎరకు పుంజు ఈక, మునిగే ఎరకు పెట్ట ఈక. భూతద్దం కింద రెండింటినీ పక్కపక్కన పెడితే ఈ తేడా ఆరో తరగతి పిల్లలకు కూడా కనిపిస్తుంది.

చేప కళ్లతో చూస్తే

ఎర ఏ రంగులో ఉండాలని పిల్లలు అడగక మానరు. జవాబు లోతును బట్టి ఉంటుంది. నీరు ఎర్ర కాంతిని అన్నిటికన్నా త్వరగా పీల్చేస్తుంది. మోకాలి లోతు నీళ్లలో ఎర్ర ఉన్ని ఎర్రగానే ఉంటుంది. తేట నీటిలో పది మీటర్ల కిందకు వెళితే అది దాదాపు నల్లగా కనిపిస్తుంది. కొన్ని పగడపు దిబ్బ చేపలకు మనకు కనబడని అతినీలలోహిత కాంతి కూడా కనబడుతుంది. మన కంటికి అందంగా ఉన్న ఎర చేపకు అలాగే కనిపిస్తుందని అనుకోవడానికి వీల్లేదు.

నీటి లోపలి నుంచి పైకి చూసే చేపకు బయటి ప్రపంచం మొత్తం తల మీద ఒక గుండ్రటి కిటికీలోంచి కనిపిస్తుంది. ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. దాని అవతల నీటి పైపొర అద్దంలా మెరుస్తూ కింది దృశ్యాన్నే చూపిస్తుంది. పదో తరగతి దాటాక చదివే సంపూర్ణాంతర పరావర్తనం ఇదే. తేలే ఎర కిటికీ అవతల ఉన్నంతసేపు చేపకు కనిపించేవి నీటి పొర మీద ఆ ఎర పీచులు చేసిన సొట్టలు, మెరుపులు మాత్రమే. గాజు తొట్టె పక్కన కూర్చుని కింది నుంచి పైకి చూస్తే పిల్లలకు ఈ అద్దం స్వయంగా కనిపిస్తుంది.

చేపకు చూపు ఒక్కటే ఆధారం కాదు. ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే పార్శ్వ రేఖలోని జ్ఞాన కణాలు నీటి చిన్న కదలికను కూడా పసిగడతాయి. మన చెవి లోపలి రోమ కణాలకు అవి దగ్గరి చుట్టాలు. మెత్తటి పెట్ట ఈక ముడుచుకుని విచ్చుకోవడం ఈ జ్ఞానానికి కూడా ఎర వేయడమే. చిన్న చేపల్లో చాలావరకు ఎరను కొరకవు. నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో పాటు లోపలికి పీల్చుకుంటాయి, తిండి కాదని తెలిస్తే క్షణంలో ఉమ్మేస్తాయి. అందుకే ముల్లు లేని గాలంతో తంగూసు ఎప్పుడూ బిగువుగా ఉండాలి.

ఎర విసరడంలోనూ ఒక సైన్స్ ఉంది. సీసపు గుండు కట్టిన గాలంలో గుండు బరువే తంగూసును లాక్కెళుతుంది. ఈక ఎరకు బరువే లేదు కనుక దారమే ఎరను మోసుకెళ్లాలి. దీనికోసం విదేశాల్లో ఖరీదైన కర్రలు, బరువైన దారాలు వాడతారు. జపాన్ కొండవాగుల్లో మాత్రం ‘టెంకారా’ అనే సాదా పద్ధతి ఉంది. పొడవాటి కర్ర, దాని కొసకు అంతే పొడవున్న దారం, చివర ఒక ఈక ఎర, అంతే. మన పల్లెల్లో చెరువు గట్టు మీద కనిపించే వెదురు గాలానికి ఇది తోబుట్టువు. కొత్తగా కొనవలసింది ఏదీ లేదు.

ముల్లు, సీసం, ప్లాస్టిక్

పట్టి వదిలేసిన చేప బతుకుతుందా? 2005లో బార్తొలోమ్యూ, బోన్‌సాక్ అనే పరిశోధకులు దీని మీద వచ్చిన 53 అధ్యయనాలను సమీక్షించారు. వదిలిన చేపల్లో చనిపోయేవి సగటున 18 శాతం. కొన్ని సందర్భాల్లో ఒక్కటీ చనిపోలేదు, కొన్నిటిలో దాదాపు అన్నీ చనిపోయాయి. ఆ తేడాకు కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. సహజమైన ఎరను చేప లోతుగా మింగుతుంది, గాలం గొంతులోనో పొట్టలోనో దిగుతుంది. కృత్రిమ ఎరకు ఎక్కువగా పెదవి దగ్గరే తగులుతుంది. ముల్లున్న గాలం, వెచ్చని నీరు, ఎక్కువసేపు లాగడం, ఎక్కువసేపు చేతిలో పట్టుకోవడం, ఇవన్నీ చావును పెంచుతాయి. అండమాన్ నీరు ఏడాది పొడవునా వెచ్చనిదే. కాబట్టి మన చేతిలో ఉన్న మిగతా మూడు నాలుగు విషయాలను సరిచేసుకోవలసిందే.

ఎర మునగడానికి సీసం కట్టే అలవాటు కూడా మానాలి. బ్రిటన్‌లో చేపలు పట్టేవారు వదిలేసిన చిన్న సీసపు గుళ్లను మింగి హంసలు చనిపోతుండటంతో 1987లో చాలా రకాల సీసపు గుళ్ల మీద నిషేధం వచ్చింది. కన్ను వెనక ఒక గాజు పూస ఎక్కిస్తే చిన్న ఎరకు ఆ బరువు చాలు. బజారులో దొరికే మెత్తటి ప్లాస్టిక్ ఎరలు తెగి పడితే ఏళ్ల తరబడి నీళ్లలోనే ఉంటాయి. గొర్రె ఉన్ని, కోడి ఈక, నూలు దారం కుళ్లిపోతాయి. స్టెయిన్‌లెస్ కాని మామూలు ఉక్కు గాలం ఉప్పునీటిలో తుప్పు పడుతుంది. కోపం తెప్పించే ఆ తుప్పే తెగిపోయిన గాలం విషయంలో చేపకు మేలు. ఇక్కడ ఒక జాగ్రత్త. బజారు ఉన్నిలో చాలావరకు యాక్రిలిక్, అంటే ప్లాస్టిక్కే. పోగును కాల్చి చూస్తే కరిగి ఉండ కట్టేది ప్లాస్టిక్, జుట్టు కాలిన వాసనతో బూడిదయ్యేది అసలు ఉన్ని. పెద్దల ఎదుట చేయవలసిన ఈ పరీక్ష కూడా ఒక పాఠమే.

ఏ పక్షి ఈక?

ఈ విద్యకు ఒక చీకటి కోణం ఉంది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఈక ఎరలు సంపన్నుల వేడుకగా మారి, దూరదేశాల అరుదైన పక్షుల ఈకలకు గిరాకీ పెరిగింది. ఆ మోజు ఇంకా పోలేదు. 2009లో ట్రింగ్ పట్టణంలోని సహజ చరిత్ర మ్యూజియం నుంచి ఒక యువకుడు 299 పక్షి చర్మాలు దొంగిలించాడు. వాటిలో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ మలయా దీవుల్లో సేకరించినవీ ఉన్నాయి. వాటి ఈకలను ఎరలు కట్టేవాళ్లకు అమ్ముకున్నాడు. పరిణామ సిద్ధాంతానికి సాక్ష్యంగా ఉన్న నమూనాలు అలంకారపు ఎరలుగా చెల్లాచెదురయ్యాయి.

అండమాన్‌లో మరెక్కడా కనిపించని పక్షులెన్నో ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మన అడవి పక్షులకు రక్షణ ఇస్తుంది. కాబట్టి బడిలో నియమం ఒక్కటే ఉండాలి: పెరటి కోడి ఈక తప్ప మరే పక్షి ఈకా ముట్టకూడదు. నేల మీద దొరికినదైనా సరే. ఈ దీవులకు సొంత కోడి జాతే ఉంది, నికోబారీ కోడి. పొట్టి కాళ్లు, గుండ్రటి ఒళ్లు, మన దేశవాళీ జాతుల్లో గుడ్లు బాగా పెట్టే రకం. శ్రీ విజయపురంలోని కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ దీని మీద ఏళ్లుగా పనిచేస్తోంది. ఎర కోసం ఈక ఏరేటప్పుడు ఆ జాతి కథ కూడా చెప్పవచ్చు.

అభ్యంతరాలు

బతుకు తెరువు కోసం గాలం వేసే మత్స్యకారుడికి ఇదంతా ఆటలా కనిపించవచ్చు. నిజమే. రొయ్య ముక్కకు పడినన్ని చేపలు ఈక ఎరకు పడవు. అతను పద్ధతి మార్చుకోవాలని నేను అనను. నేను మాట్లాడుతున్నది ఇంటి కూడు కోసం కాక సరదాకు గాలం వేసే పిల్లల గురించి, పర్యాటకుల గురించి.

రెండో అభ్యంతరం బరువైనది. చేపకు నొప్పి తెలుస్తుంది కదా, పిల్లలకు దాన్ని ఆటగా నేర్పవచ్చా? ట్రౌట్ చేప తల మీద హాని కలిగించే స్పర్శను గుర్తించే నాడులున్నాయని లిన్ స్నెడన్ బృందం 2003లో చూపింది. ఆ తర్వాత ‘చేపకేం తెలుస్తుంది’ అని తేలిగ్గా కొట్టిపారేయడం కుదరదు. అందుకే పట్టి వదలడాన్ని పుణ్యకార్యంలా చెప్పడం నాకు ఇష్టం లేదు. పాఠంలో చాలా భాగం చేప లేకుండానే సాగాలి. ఎర కట్టడం, బకెట్లో దాని కదలిక చూడటం, జెట్టీ మీద నుంచి చేపల తీరు గమనించడం ముందు. గాలం వేసేది తర్వాత, కొద్దిసేపు. చెరువులో తిలాపియా లాంటివి పడితే ఇంటికి తీసుకెళ్లి వండుకోవచ్చు, ఆ చేప ఎలాగూ 1952లో మన దేశానికి తెచ్చిన పరాయి జాతి. సముద్రపు చేప పిల్లలు పడితే చేతులు తడుపుకుని, నీళ్లలోనే ఉంచి గాలం తీసి, వెంటనే వదలాలి.

మూడోది భద్రత. అండమాన్ క్రీకుల్లో, మడ అడవుల అంచున ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, మనుషుల మీద దాడులు జరిగాయి. హెచ్చరిక బోర్డు ఉన్న చోటికి, ఏ క్రీకుకైనా, పిల్లలను తీసుకెళ్లకూడదు. వండూర్ దగ్గరి మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు లాంటి రక్షిత ప్రాంతాల్లో గాలం వేయరాదు. మిగతా చోట్ల నిబంధనలు ముందుగా మత్స్యశాఖను అడిగి తెలుసుకోవాలి.

ఒక నోటు పుస్తకం, రెండు ఎరలు

ఈ పాఠంలో అసలు సైన్స్ చివర్లో వస్తుంది. పిల్లలు ఒక్క తేడాతో రెండు ఎరలు కట్టాలి. ఒకదానికి ఎర్ర ఉన్ని, ఇంకొకదానికి గోధుమ రంగు ఉన్ని, మిగతావన్నీ ఒకేలా. ఒకే చోట, ఒకే గంటలో, పది పది విసుర్ల చొప్పున మార్చి మార్చి వేసి, చేప ఎన్నిసార్లు వెంటపడిందో, ఎన్నిసార్లు నోట పట్టిందో రాయాలి. ఎర్ర ఎరకు ఐదు, గోధుమకు మూడు వచ్చాయనుకోండి. ‘ఎరుపే మంచిది’ అని తరగతి అంతా అరుస్తుంది. నాణెం ఎగరేసినా ఎనిమిదిలో ఐదు బొమ్మలు పడటం మామూలే కదా అని ఉపాధ్యాయుడు అడగాలి. మళ్లీ చేయాలి, పక్క తరగతి లెక్కలు కలపాలి. ‘మా తాత చెప్పాడు’ అన్న మాటను పరీక్షించవచ్చని, పరీక్షలో తాత మాట నెగ్గవచ్చని కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర నేర్చుకునే వీలు కల్పించాలని చెప్పింది. అండమాన్‌లో అందులో రెండు రోజులు చాలు. మొదటి రోజు ఈక, భూతద్దం, గాజు తొట్టె. రెండో రోజు జెట్టీ. ముడులు నేర్పడానికి జంగ్లీఘాట్ మత్స్యకారుల కన్నా మంచి గురువులు దొరకరు. దారాన్ని దాని మీదే చుట్టి బిగించడం వల అల్లిన చేతులకు చెప్పనక్కర్లేదు. బడి వాళ్లను పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. తమ ఇంటి విద్య సైన్స్ పీరియడ్‌లో బోర్డు మీదికి ఎక్కడం ఆ పిల్లలు చూడాలి.

దీనివల్ల పగడపు దిబ్బలు కోలుకుంటాయని నేను చెప్పను. సముద్రం వేడెక్కడాన్ని కోడి ఈక ఆపలేదు. కానీ దిబ్బల గురించి రేపు నిర్ణయాలు తీసుకోబోయేది ఈ పిల్లలే. అరచేతిలో కొట్టుకునే పార పిల్ల ఇంకా గుడ్లు పెట్టలేదని తెలిసి, ముల్లు లేని గాలం నుంచి దాన్ని నీళ్లలోనే విడిపించిన పిల్లకు ‘చిన్న చేపలను పట్టరాదు’ అన్న నిబంధనను వేరే ఎవరూ వివరించనక్కర్లేదు.